రెండు టైట్ ఎండ్లా, ఒక పెద్ద రిసీవరా?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి మూడేళ్లయింది. సోమవారం పొద్దున్న ఆఫీసులో అందరూ డాలస్ కౌబాయ్స్ గురించే మాట్లాడుకుంటుంటే మీరూ అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టారు. కామెంటేటర్లు మాటిమాటికీ "ట్వెల్వ్ పర్సనెల్" అంటుంటే అదేమిటో అర్థం కావట్లేదు. పాసులు పట్టే ఒక స్టార్ రిసీవర్‌కి ఏడాదికి 4 కోట్ల డాలర్లు పోసే బదులు అదే డబ్బుతో ఇద్దరు మంచి టైట్ ఎండ్లని (ఎదుటివాళ్లని అడ్డుకుంటూ, పాసులూ పట్టేవాళ్లు) తెచ్చుకోవచ్చు కదా అని లంచ్‌లో అడిగితే కొలీగ్స్ నవ్వారు.

నవ్వాల్సిన ప్రశ్నేం కాదు. ప్రతి మార్చిలో జీతాల లెక్క ముందేసుకుని కూర్చునే జనరల్ మేనేజర్లకి ఇదే తలనొప్పి. నేను కోచ్‌ని కాదు. 2006లో ప్రాజెక్ట్ మీద న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాకి వచ్చి, పక్క సీటు పెద్దాయన పుణ్యమా అని అక్కడి జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పిచ్చి తగిలించుకున్నాను. తర్వాత టెక్సాస్ వచ్చేశాం. మా వాడు హైస్కూల్లో టైట్ ఎండ్‌గా ఆడిన నాలుగేళ్లూ ఆ జట్టుకి వీడియో పని చేశాను. శుక్రవారం రాత్రి స్టాండ్స్ పైమెట్టు మీద కెమెరా పట్టుకోవడం, శనివారం పొద్దున్నే ఒక్కో ప్లే కత్తిరించి, ఇటు ఎంతమంది టైట్ ఎండ్లున్నారు, అటు బంతి దగ్గర ఎంతమంది నిలబడ్డారు అని పట్టిక రాయడం. ఆ పట్టికలు రాసీ రాసీ ఏర్పడిన అభిప్రాయం ఇది.

ముందు నా జవాబు చెప్పేస్తాను. పెద్ద రిసీవర్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. బయట పూర్తి ధర పెట్టి కొనాల్సి వస్తే మాత్రం, ఆ డబ్బు ఇద్దరు టైట్ ఎండ్ల మీద పెట్టడమే నాకిష్టం. కానీ ఆ ఇద్దరూ అడ్డుకోవడం, పట్టుకోవడం రెండూ చేయగలగాలి. ఇద్దరిలో ఒకడికి ఒక్క పనే వస్తే మీ పథకం అక్కడికి సరి.

ఇక అంకెల సంగతి. మైదానంలో పదకొండు మంది. వాళ్లలో ఐదుగురు లైన్‌మెన్, ముందుకి వేసిన పాస్ పట్టుకునే హక్కు వాళ్లకి లేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన పెడితే మిగిలేది ఐదుగురు. వీళ్లని బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు, టైట్ ఎండ్లు, రిసీవర్లుగా ఎలా పంచుకుంటారన్నదే పర్సనెల్ అంకె. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు, రెండోది టైట్ ఎండ్లు, మిగతావాళ్లు రిసీవర్లు. 11 అంటే ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. 12 అంటే ఒక బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్లు, ఇద్దరు రిసీవర్లు. ట్వెల్వ్ అంటే పన్నెండు మంది ఆడుతున్నారని కాదు, నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. ఇంకోమాట, యార్డ్ అంటే మన గజమే. ప్లాట్లు కొనేటప్పుడు వాడే గజం. కింద గజాలనే రాస్తాను.

టైట్ ఎండ్ అంటే లైన్ చివర, ట్యాకిల్ (చివరి లైన్‌మన్) పక్కన నిలబడేవాడు. ఒక స్నాప్‌లో, అంటే ఒక ప్లేలో, 120 కిలోల డిఫెన్సివ్ ఎండ్‌ని భుజంతో ఆపాలి, తర్వాతి స్నాప్‌లో అదే చోటు నుంచి పరుగెత్తి పదిహేను గజాల అవతల బంతి అందుకోవాలి. రెండూ బాగా చేసేవాళ్లు చాలా అరుదు. లీగ్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది నిజం చెప్పాలంటే రెంటికీ చెడ్డ రేవళ్లే. క్రికెట్‌లో ఆల్‌రౌండర్ అని పేరు పెట్టుకుని ఆరు పరుగులూ నాలుగు ఓవర్లతో సరిపెట్టే వాళ్లుంటారు చూడండి, అలాగన్నమాట.

పెద్ద రిసీవర్ ఏం చేస్తాడో మొదట చూద్దాం, ఎందుకంటే అది సులువుగా కనిపిస్తుంది. 2007లో పేట్రియట్స్ రిసీవర్ రాండీ మాస్ 23 టచ్‌డౌన్ పాసులు (బంతిని అవతలి చివరి గీత దాటించేవి) పట్టాడు, ఈ రికార్డు ఇంకా అలాగే ఉంది. ఆ సీజన్‌లో పేట్రియట్స్ 16 మ్యాచ్‌లకి 16 గెలిచారు, 589 పాయింట్లు చేశారు. మాస్ వల్ల వచ్చింది ఆ 23 మాత్రమే కాదు. అతను ఎటు నిలబడితే అటు ఒక సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు) ఇరవై గజాల వెనక్కి జరిగేవాడు. అంటే ఒకడి కోసం ఇద్దరు. నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదకి వస్తే కాపలాకి మిగిలేది ఏడుగురు, అందులో ఇద్దరిని మాస్ ఒక్కడే తినేస్తాడు. మధ్యలో ఇంకో రిసీవర్ వెస్ వెల్కర్ ఖాళీగా తిరిగేవాడు. పట్టిన బంతుల్లోనే కాదు, పట్టని బంతుల్లో కూడా రిసీవర్ సంపాదిస్తాడు. ఆయనకిచ్చే డబ్బులో సగం అందుకే.

మీ ఊరి జట్టులోనే సీడీ లాంబ్ ఉన్నాడు. 2020 డ్రాఫ్ట్‌లో 17వ వాడిగా వచ్చాడు, 2023లో 135 పాసులు, 1,749 గజాలు. 2024లో నాలుగేళ్లకి 13 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు.

అయితే రిసీవర్‌కి ఒక ఇబ్బంది ఉంది. అతని దగ్గరికి బంతి చేరాలంటే ముందు మిగతావాళ్లందరూ తమ పని చేసి ఉండాలి. లైన్ రెండున్నర సెకన్లు నిలబడాలి, క్వార్టర్‌బ్యాక్ నిలదొక్కుకుని విసరాలి. అప్పటిదాకా ఆయన మైదానం అంచున ఒంటరిగా ఉంటాడు. 2012లో డెట్రాయిట్‌లో కాల్విన్ జాన్సన్ 1,964 గజాలు పట్టాడు, ఒక సీజన్‌లో ఎవరికీ లేనన్ని. జట్టు గెలిచింది నాలుగు, ఓడింది పన్నెండు. 2024లో సిన్సినాటిలో జమార్ చేజ్ పాసుల్లో, గజాల్లో, టచ్‌డౌన్లలో మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు. జట్టు 9 గెలిచి 8 ఓడి ఇంటికి పోయింది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, సిన్సినాటి డిఫెన్స్ ఆ ఏడాది ఎలా ఉందో చూసినవాళ్లకి తెలుసు. నేననేది ఏమిటంటే, మూడో డౌన్‌లో (పది గజాలకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) పది గజాలు కావాల్సి వచ్చినప్పుడు రిసీవర్ మిమ్మల్ని గట్టెక్కిస్తాడు. అసలు ఆ పరిస్థితే రాకుండా చూడటం అతని చేతిలో లేదు. టైట్ ఎండ్ల చేతిలో కొంత ఉంది.

అదెలాగో చెప్తాను. ఇదే అసలు విషయం, కాస్త ఓపిగ్గా చదవండి.

ఐదుగురు లైన్‌మెన్ వరసగా నిలబడితే వాళ్ల మధ్యా, రెండు చివరలా కలిపి ఆరు సందులుంటాయి. పరుగు, అంటే బంతి చేత్తో పట్టుకుని దూసుకొచ్చే ప్లే, ఏ సందులోంచైనా రావచ్చు, కాబట్టి డిఫెన్స్ ఒక్కో సందుకి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఒక టైట్ ఎండ్ వచ్చి చివర నిలబడితే ఇంకో సందు పుడుతుంది, ఏడు. రెండో టైట్ ఎండ్ అవతలి చివర నిలబడితే ఎనిమిది. ఎనిమిది సందులకి ఎనిమిది మంది పోతే వెనక మిగిలేది ముగ్గురు: ఇద్దరు కార్నర్లు (అంచుల్లో రిసీవర్లకి ఎదురుగా నిలబడేవాళ్లు), ఒకే ఒక్క సేఫ్టీ. అంటే మీ రిసీవర్లిద్దరికీ ఎదురుగా ఒక్కొక్కడే. పెద్ద రిసీవర్‌ని ఇద్దరితో కాపలా కాసే సౌకర్యం వాళ్లకి పోయింది. పైగా రెండు చివరలా టైట్ ఎండ్ ఉంటే బలమైన వైపు ఏదో తెలియదు, అటు ఒకటీ ఇటు ఒకటీ సమానంగా ఉంటుంది.

సరే, డిఫెన్స్ ఎనిమిది మందిని ముందుకి తేకుండా ఉంటే? మీరు పరుగు తీస్తారు. నాలుగు గజాలు, ఐదు గజాలు, మళ్లీ నాలుగు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

ఇక మనుషుల మార్పు సంగతి. ఎదురుగా ముగ్గురు రిసీవర్లుంటే డిఫెన్స్ ఒక లైన్‌బ్యాకర్‌ని (ముందు వరస వెనక నిలబడే బరువైనవాడు) బెంచికి పంపి, పాసులకి కాపలా కాసే ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ని తెస్తుంది, దీన్ని నికెల్ అంటారు. ఆ వచ్చేవాడు సుమారు 85 కిలోల చురుకైన కుర్రాడు. ఎదురుగా ఇద్దరు టైట్ ఎండ్లుంటే ఏం చేయాలి? లైన్‌బ్యాకర్‌ని ఉంచితే టైట్ ఎండ్ వాణ్ణి పరుగులో దాటేస్తాడు. నికెల్ కుర్రాణ్ణి తెస్తే ఆ భారీ టైట్ ఎండ్ వాణ్ణి నేల మీద దొర్లిస్తాడు. మీరు మనుషుల్ని మార్చినప్పుడే ఎదుటివాళ్లు మార్చుకోవడానికి రిఫరీలు టైమిస్తారు. మీరు ఎవర్నీ మార్చకుండా, హడిల్ (ప్లేల మధ్య గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా గబగబా ఆడుతూ పోతే వాళ్లు ఉన్న మనుషులతోనే ఇరుక్కుపోతారు. అదే పదకొండు మందితో ఒక స్నాప్ గోడలా, తర్వాతి స్నాప్ ఐదుగురూ మైదానమంతా పరుచుకుని. కాబట్టి రిసీవర్‌కీ టైట్ ఎండ్లకీ తేడా పట్టే గజాల్లో లేదు. రిసీవర్ ఎదుటివాళ్లలో ఒకణ్ణి అదనంగా లాగుతాడు. మంచి టైట్ ఎండ్ల జంట ఎదుటి కోచ్ ఎవర్ని పంపాలో తేల్చుకోలేని స్థితిలో పెడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1980ల్లో న్యూయార్క్ జెయింట్స్‌లో లారెన్స్ టేలర్ అనే లైన్‌బ్యాకర్ చివర్నించి దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌లని కుళ్లబొడుస్తుంటే వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్ ఫుల్‌బ్యాక్‌ని (రెండో రన్నింగ్ బ్యాక్) తీసేసి రెండో టైట్ ఎండ్‌ని పెట్టాడు. టేలర్‌ని అడ్డుకోవడానికి మొదలైన ఏర్పాటు అది. గిబ్స్ మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనళ్లు) గెలిచాడు.

నేను కళ్లారా చూసింది మాత్రం 2011. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో పేట్రియట్స్ 42వ వాడిగా రాబ్ గ్రాంకోస్కీని, 113వ వాడిగా ఆరన్ హెర్నాండెజ్‌ని తీసుకున్నారు. 2010 అక్టోబరులో రాండీ మాస్‌ని మినెసోటాకి పంపేశారు. నాషువాలో మా పెద్దాయన ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చేయలేదు. కానీ తర్వాతి సీజన్‌లో గ్రాంకోస్కీ 90 పాసులు, 1,327 గజాలు, 17 టచ్‌డౌన్లు. హెర్నాండెజ్ 79 పాసులు, 910 గజాలు, 7 టచ్‌డౌన్లు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 5,235 గజాలు విసిరాడు. జట్టు 513 పాయింట్లు చేసింది. మాస్ ఉన్న 2007 కంటే తక్కువే, కానీ మాస్ ఖర్చు లేకుండా, రెండో ఏడాది ఆడుతున్న ఇద్దరు కుర్రాళ్లతో. వెల్కర్ కూడా 122 పాసులు పట్టాడని మర్చిపోకూడదు.

ఆ ఇద్దరూ ఒకేలాంటి వాళ్లు కాదు, అదే అందం. గ్రాంకోస్కీ ఆరడుగుల ఆరంగుళాలు, ట్యాకిల్‌లా అడ్డుకునేవాడు. హెర్నాండెజ్ చిన్నవాడు, జారిపోయేవాడు. 2012 జనవరిలో డెన్వర్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతన్ని రన్నింగ్ బ్యాక్ స్థానంలో నిలబెట్టారు, ఐదు పరుగుల్లో 61 గజాలు తీశాడు. టైట్ ఎండ్! డెన్వర్ వాళ్లు ఎవర్ని ఎవరి మీద పెట్టాలో తేల్చుకునేలోపు బ్రేడీ ఆరు టచ్‌డౌన్లు విసిరాడు, మూడు గ్రాంకోస్కీకే. 45-10.

తర్వాతి మ్యాచ్‌లో గ్రాంకోస్కీ చీలమండ దెబ్బతింది. జెయింట్స్‌తో సూపర్ బౌల్‌లో కుంటుతూ ఆడాడు, రెండే పాసులు, 26 గజాలు. పేట్రియట్స్ 21-17తో ఓడిపోయారు. చివరి క్షణంలో బ్రేడీ విసిరిన బంతి ఎండ్ జోన్‌లో ఎవరి చేతికో తగిలి కిందపడుతుంటే గ్రాంకోస్కీ దూకాడు, అందలేదు. కాలు బాగుంటే అందేదని మా పెద్దాయన ఇప్పటికీ ఫోన్లో అంటాడు. అందేదేమో.

దీంట్లోంచే ఈ పథకం బలహీనత కూడా కనిపిస్తుంది. లైన్‌మెన్‌తో ఢీకొని, వెంటనే మధ్యలో పరుగెత్తి, లైన్‌బ్యాకర్ల దెబ్బలు తినే పని ఇది, ఒళ్లు హూనమవుతుంది. గ్రాంకోస్కీకి 2012లో చెయ్యి విరిగింది, తర్వాత వీపు, 2013 డిసెంబరులో మోకాలు. హెర్నాండెజ్ కథ 2013 జూన్‌లో హత్య కేసులో అరెస్టుతో ముగిసింది, అది వేరే సంగతి. జంటలో ఒకడు పోతే మిగిలేది మామూలు 11 పర్సనెల్ జట్టే. ఒక రిసీవర్ గాయపడటమూ ఇంతే కదా అంటారా? కాదు. జంట కాబట్టి దెబ్బ తగిలే అవకాశం రెండింతలు.

ఇద్దరు టైట్ ఎండ్ల విలువ ఇంతని నాకు ఒకే ఒక్క డ్రైవ్‌లో (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక విడతలో) చూపించమంటే 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్ చూపిస్తాను. పేట్రియట్స్, లాస్ ఏంజెలెస్ రామ్స్. నాలుగో క్వార్టర్ దాకా 3-3. చూసేవాళ్లకి నిద్రొచ్చే మ్యాచ్, మా ఇంట్లో పార్టీకొచ్చిన సగం మంది బిర్యానీ తినేసి వెళ్లిపోయారు. అప్పుడు పేట్రియట్స్ దాడిని నడిపే కోఆర్డినేటర్ జాష్ మెక్‌డేనియల్స్ సైడ్‌లైన్‌లో ఒక మార్పు చేశాడు. ఇద్దరు టైట్ ఎండ్లు, ఇద్దరు బ్యాక్‌లు, ఒకే ఒక్క రిసీవర్ జూలియన్ ఎడెల్‌మన్. కాగితం మీద చూస్తే శుద్ధ పరుగు జట్టు. రామ్స్ కూడా బరువైన మనుషుల్ని దింపారు. వెంటనే పేట్రియట్స్ ఆ ఐదుగురినీ మైదానం నిండా పరిచేశారు, బ్రేడీ పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు లైన్‌బ్యాకర్లు రిసీవర్లలా విస్తరించిన వాళ్లని కాపలా కాయాలి. వరసగా పాసులు: గ్రాంకోస్కీకి 18 గజాలు, ఎడెల్‌మన్‌కి 13, బ్యాక్ రెక్స్ బర్క్‌హెడ్‌కి 7. నాలుగోది గ్రాంకోస్కీ భుజం మీదుగా 29 గజాల పాస్, రెండు గజాల గీత దగ్గర పడ్డాడు. తర్వాత సోనీ మిషెల్ పరుగుతో టచ్‌డౌన్. ఐదు ప్లేలు, 69 గజాలు, ఆ మ్యాచ్ మొత్తంలో ఒకే ఒక్క టచ్‌డౌన్. 13-3.

గమనించారా, ఆ డ్రైవ్‌లో మైదానంలో ఒక్కడే రిసీవర్. అతను కూడా ఏడాదికి 4 కోట్లు తీసుకునే రకం కాదు.

ఇక రెండో వైపు. ఇదే పేట్రియట్స్ 2021 మార్చిలో పాత రోజులు తిరిగి తేవాలని జాను స్మిత్‌ని నాలుగేళ్లకి 5 కోట్లకి, హంటర్ హెన్రీని మూడేళ్లకి 3 కోట్ల 75 లక్షలకి కొన్నారు. హెన్రీ బాగానే ఆడాడు, 9 టచ్‌డౌన్లు. స్మిత్ 28 పాసులు, 294 గజాలు. రెండేళ్లకి అతన్ని అట్లాంటాకి పంపేశారు. ఎందుకు కుదరలేదు? నా ఉద్దేశంలో పై కప్పు ఎత్తే రిసీవర్ లేడు. బయట భయపెట్టేవాడు లేకపోతే సేఫ్టీలిద్దరూ ధైర్యంగా మధ్యలోకి జరుగుతారు, సరిగ్గా టైట్ ఎండ్లు పరుగెత్తే చోటుకి. వెల్కర్ లేని 2011ని కొనుక్కున్నారు వాళ్లు.

మీ కౌబాయ్స్ కథ ఇంకా విచిత్రం, కొలీగ్స్‌ని ఈసారి ఇది అడగండి. జేసన్ విటెన్ లాంటి గొప్ప టైట్ ఎండ్ ఉండగా పక్కన ఇంకొకణ్ణి జతచేయాలని డాలస్ మూడుసార్లు రెండో రౌండు పిక్ ఖర్చుపెట్టింది: 2006లో ఆంథొనీ ఫసానో, 2008లో మార్టెలస్ బెనెట్, 2013లో గ్యావిన్ ఎస్కోబార్. మూడుసార్లూ కుదరలేదు. బెనెట్ డాలస్‌లో చివరి మూడేళ్లూ ఒక్క టచ్‌డౌన్ కూడా పట్టలేదు. అదే బెనెట్ తర్వాత షికాగోలో ప్రో బౌల్‌కి (లీగ్ స్టార్ల మ్యాచ్) వెళ్లాడు, 2016లో పేట్రియట్స్‌తో 7 టచ్‌డౌన్లు పట్టి సూపర్ బౌల్ ఉంగరం తెచ్చుకున్నాడు. మనిషిలో లోపం లేదు. విటెన్ అడ్డుకునేవాడు, పట్టేవాడు, మైదానం వదిలేవాడు కాదు. క్వార్టర్‌బ్యాక్ కళ్లు ఎప్పుడూ అతని మీదే. రెండోవాడికి అడ్డుకునే పని ఒక్కటే మిగిలింది. రెండోవాడు వచ్చాడంటే పరుగే అని ఎదుటివాళ్లకి తెలిసిపోతే ఆ జంట వల్ల లాభమేముంది? నా పట్టికల్లో కూడా ఇదే కనిపించేది. మా జట్టులో రెండో టైట్ ఎండ్ అసలు లైన్‌మన్, పాపం బంతి చేతికొస్తే పామొచ్చినట్టు చూసేవాడు. వాడు మైదానంలోకి నడుస్తుంటే ఎదుటి సేఫ్టీ నాలుగడుగులు ముందుకొచ్చేసేవాడు. ఆ సంగతి నేను చెప్తే మా కోచ్ మూడో వారంలో వాడికి ఒక పాస్ డిజైన్ చేశాడు. వాడు పట్టాడు కూడా. ఆ తర్వాత రెండు మ్యాచ్‌లు ఆ సేఫ్టీలు కదల్లేదు.

టైట్ ఎండ్లతోనే బతికిన జట్టు చూడాలంటే 2019 బాల్టిమోర్. మార్క్ ఆండ్రూస్, నిక్ బాయిల్, హేడెన్ హర్స్ట్ అని ముగ్గురు. జట్టులో ఏ రిసీవరూ 600 గజాలు కూడా దాటలేదు. క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ పరుగులు తోడై మొత్తం 3,296 గజాల పరుగు, లీగ్ రికార్డు. 14 గెలుపులు, 2 ఓటములు. తర్వాత ప్లేఆఫ్స్‌లో టెన్నెసీ మొదట్లోనే 14-0 ముందుకెళ్లింది, పరుగు జట్టు వెంటపడాల్సొచ్చింది. జాక్సన్ 59 పాసులు విసిరాడు, 28-12తో ఓడారు. వెనకబడి గబగబా గజాలు కావాల్సొచ్చినప్పుడు పెద్ద రిసీవర్ లేని లోటు తెలిసేది అక్కడే. టైట్ ఎండ్ల ఆట ముందున్నవాడి ఆట, లేదా సమంగా ఉన్నవాడి ఆట.

డబ్బు లెక్క ఇప్పుడు. 2025లో ఒక జట్టు జీతాల పరిమితి 27 కోట్ల 92 లక్షల డాలర్లు. ఆ ఏడాది చేజ్ కొత్త ఒప్పందం సగటు ఏడాదికి 4 కోట్ల 2 లక్షల పైన. అదే ఏడాది టైట్ ఎండ్లలో పైన ఉన్న ఇద్దరు, అరిజోనా ట్రే మెక్‌బ్రైడ్‌కి సగటున 1 కోటి 90 లక్షలు, శాన్ ఫ్రాన్సిస్కో జార్జ్ కిటిల్‌కి 1 కోటి 91 లక్షలు. ఇద్దరినీ కలిపితే 3 కోట్ల 81 లక్షలు. లీగ్‌లో అత్యంత ఖరీదైన టైట్ ఎండ్లిద్దరూ కలిసి ఒక్క చేజ్ కంటే చవక. మీ ప్రశ్నలో లెక్క తప్పు లేదన్నమాట.

ఇంత తేడా ఎందుకంటే టైట్ ఎండ్ అనే పేరుకే ధర తక్కువ. 2014లో న్యూ ఆర్లీన్స్ జిమ్మీ గ్రాహంని ఒక ఏడాది ట్యాగ్ మీద, అంటే అతని స్థానానికి లీగ్ లెక్కగట్టిన జీతానికి, ఆపుకున్నప్పుడు, టైట్ ఎండ్ అయితే 70 లక్షలు, రిసీవర్ అయితే 1 కోటి 23 లక్షలు. తను ఎక్కువగా లైన్‌కి దూరంగానే నిలబడతానని, రిసీవర్ కింద లెక్కేయాలని గ్రాహం పోరాడాడు. మధ్యవర్తి తీర్పు: ట్యాకిల్‌కి నాలుగు గజాల లోపల నిలబడ్డా టైట్ ఎండే. ఆ నాలుగు గజాల ఖరీదు 53 లక్షలు. మన దగ్గర జూబ్లీహిల్స్‌లో కూడా గజం అంత పలకదు.

ఇంకో విషయం, మంచి టైట్ ఎండ్లు డ్రాఫ్ట్‌లో ఆలస్యంగా దొరుకుతారు. కాన్సస్ సిటీ ట్రావిస్ కెల్సీ మూడో రౌండు, ఆండ్రూస్ మూడో రౌండు, కిటిల్ ఐదో రౌండు, మెక్‌బ్రైడ్ రెండో రౌండు. ఆండ్రూస్‌కి ముందు అదే డ్రాఫ్ట్‌లో అదే జట్టు మొదటి రౌండులో తీసుకున్నది హర్స్ట్‌ని. లాస్ వేగాస్ బ్రాక్ బవర్స్ లాంటి మినహాయింపులున్నాయి. రిసీవర్ల విషయంలో కూడా అదృష్టం కలిసొస్తే పుకా నకువా ఐదో రౌండులో దొరుకుతాడు. డ్రాఫ్ట్‌లో దొరికిన రిసీవర్ మొదటి నాలుగేళ్లూ కారుచవక. అందుకే పైన అలా చెప్పాను. ఆ నాలుగేళ్లు అయ్యాక చెక్కు రాయాల్సిన రోజున మాత్రం గుండె రాయి చేసుకోవాలి. 2022 మార్చిలో కాన్సస్ సిటీ అదే చేసింది, టైరీక్ హిల్‌ని మయామికి పంపేసింది. అందరూ పని అయిపోయిందన్నారు. ట్రావిస్ కెల్సీ 110 పాసులు, 1,338 గజాలు పట్టాడు. ఆ ఏడాది ఇద్దరు, ముగ్గురు టైట్ ఎండ్ల అమరికలు మునుపటి కంటే ఎక్కువగా వాడారు. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు. మహోమ్స్ ఉన్నాడు కదా అని మీరనొచ్చు, నిజమే. ఆ స్థాయి క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టు నుంచి పాఠాలు నేర్చుకునేటప్పుడు సగం తగ్గించుకోవాలి.

అన్నిటికంటే నన్ను నవ్వించింది రామ్స్. 2018లో కోచ్ షాన్ మెక్‌వే దాదాపు పది స్నాపుల్లో తొమ్మిది 11 పర్సనెల్‌లోనే ఆడించేవాడు. ముగ్గురు రిసీవర్ల ఆటకి దేవుడిలా చూసేవారు. అదే మెక్‌వే 2025లో 13 పర్సనెల్, అంటే ముగ్గురు టైట్ ఎండ్లతో ఆడటం మొదలుపెట్టాడు, అదీ నకువా, డావాంటే ఆడమ్స్ లాంటి రిసీవర్లుండగా! అక్టోబరులో లండన్‌లో జాక్సన్‌విల్‌ని 35-7తో ఓడించిన మ్యాచ్‌లో నకువా గాయంతో ఆడలేదు, ఆడమ్స్ మూడు టచ్‌డౌన్లు పట్టాడు. పైన చెప్పిన సందుల లెక్క ఇదే. టైట్ ఎండ్లు మనుషుల్ని ముందుకి లాగుతారు, బయట ఆడమ్స్ ఒంటరిగా ఉన్న కార్నర్‌తో చెలగాటమాడతాడు.

అందుకే ఈ రెండింటినీ శత్రువుల్లా చూడకండి. డబ్బు ఒక్కదానికే ఉన్నప్పుడే అది పోటీ. మీకు బలమైన లైన్ ఉండి, మధ్యలోకి ధైర్యంగా విసిరే క్వార్టర్‌బ్యాక్ ఉండి, బయట కనీసం సేఫ్టీని కాస్త భయపెట్టగల రిసీవర్ ఒకడుంటే, టైట్ ఎండ్లు. లైన్ బలహీనంగా ఉండి క్వార్టర్‌బ్యాక్ పరుగెడుతూ విసరాల్సిన జట్టయితే పెద్ద రిసీవరే, ఎందుకంటే అతను చెడ్డ పాస్‌ని కూడా మంచి పాస్ చేస్తాడు. మా పెద్దాయనైతే రెండో ఆలోచన లేకుండా మాస్ అంటాడు. ఆయన్ని మార్చడం నా వల్ల కాదు.

డిఫెన్స్ వాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. బాల్టిమోర్‌లో కైల్ హామిల్టన్ లాంటి ఆరడుగుల నాలుగంగుళాల సేఫ్టీలు వచ్చారు. లైన్‌బ్యాకర్‌లా అడ్డు తట్టుకుంటారు, కార్నర్‌లా పరుగెడతారు. అలాంటివాడు ఒకడుంటే ఇద్దరు టైట్ ఎండ్ల చిక్కు సగం విడిపోతుంది.

వచ్చే ఆదివారం బంతిని చూడకండి. రెండో టైట్ ఎండ్ బెంచి దగ్గర్నించి పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు ఎదుటి జట్టు స్లాట్ కార్నర్ (పైన చెప్పిన నికెల్ కుర్రాడు) ఏం చేస్తాడో చూడండి. వాడు తల తిప్పి సైడ్‌లైన్ వైపు చూస్తుంటే, వెళ్లాలా ఉండాలా అని అక్కణ్ణించి ఎవరూ సైగ చేయకపోతే, ఆ ప్లేలో మధ్యలో ఏదో ఒకటి జరుగుతుంది. కొలీగ్స్‌కి ముందే చెప్పండి.